కళ్ళంలో విజయదండుడు

ఫిబ్రవరి నెలాఖరుకి బూదిపాడు ఉమ్మడి కళ్ళం తెల్లారేసరికే ఎర్రగా కనిపిస్తుంది. దర్శి నుంచి వచ్చే రోడ్డు ఊళ్ళోకి మలుపు తిరిగే చోట రెండెకరాల గట్టి నేల అది. సొంత కళ్ళం లేనివాళ్ళంతా అక్కడే మిరపకాయ ఆరబోసుకుంటారు. వెంకటేశ్వరమ్మకి మూడెకరాల కౌలు చేను ఉంది గానీ కళ్ళం లేదు. అందుకని రెండో కోత కాయంతా తూర్పు పక్కన, శాసనం రాయి దగ్గర పరిచింది. ఆ రాయి ఎప్పుడో పక్కకి ఒరిగిపోయింది. దాని మీద కూలీలు టిఫిన్ క్యారేజీలు పెట్టుకుంటారు.

పొద్దున మంచు తడి ఆరగానే పరదాలు తియ్యాలి. ఎనిమిదింటికోసారి, పదింటికోసారి కాయని తిరగేయాలి. తిరగేసే మనిషి నీడ కాయ మీద పడకూడదని వెంకటేశ్వరమ్మ పట్టుదల. నీడ పడ్డ చోట కాయ నెమ్మెక్కి, రంగు పోయి తాలవుతుందని వాళ్ళత్త చెప్పింది. వాళ్ళత్తకి వాళ్ళత్త చెప్పింది. అదంతా ఉత్త నమ్మకమని వ్యవసాయాధికారి ఎంత చెప్పినా ఈమె వినలేదు. అందుకే తిరగేసే పని ప్రతి ఏడూ దండయ్యకే ఇచ్చేది. దండయ్యకి నీడ లేదు.

రెండువేల ఏళ్ళ కిందట ఆయన విజయదండ మహారాజు. ఏనుగులతో కృష్ణ దాటి వచ్చి, ఈ ఊరిని తగలబెట్టి, కళ్ళం పక్కన శాసనం చెక్కించి, తిరుగు ప్రయాణం కట్టాడు. సైన్యం పొలిమేర దాటింది. ఆయన గుర్రం దాటలేదు. దిగి నడుద్దామంటే కాలు ముందుకి పడలేదు. సైన్యం వారం రోజులు ఎదురుచూసి, ఇంకో రాజుని వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. ఊరివాళ్ళు కాలిపోయిన ఇళ్ళు మళ్ళీ కట్టుకుంటున్నారు. మోసేవాళ్ళు చాలడంలేదు. ఊరికే నిలబడ్డావుగా, ఈ వాసం పట్టుకో అన్నారు. పట్టుకున్నాడు. అప్పటినుంచీ ఏదో ఒకటి పట్టుకుంటూనే ఉన్నాడు. జొన్న పండితే జొన్న మోశాడు, పొగాకు వస్తే పొగాకు గుచ్చాడు, పత్తి వస్తే పత్తి తీశాడు. మిరపకాయ వచ్చాక తాలు ఏరడం నేర్చుకున్నాడు. అది సరిగ్గా రావడానికి మాత్రం ఓ వందేళ్ళు పట్టిందని చెప్పుకుంటారు. మొదట్లో ఆయన కళ్ళకి ఎరుపంతా ఒక్కటేనట.

ఊళ్ళో ఆధార్ క్యాంపు పెట్టినప్పుడు పుట్టిన తేదీ అడిగితే, క్రీస్తుకి ముందో వెనకో గుర్తులేదన్నాడు. రేషన్ షాపు యంత్రం ఆయన వేలిముద్ర తీసుకోదు. తిండికి మాత్రం లోటు లేదు. ఎవరి కళ్ళంలో పనిచేస్తే వాళ్ళింట్లో భోజనం.

వెంకటేశ్వరమ్మ పుట్టిందీ మెట్టిందీ ఆ ఊరే. చిన్నప్పుడు ఆయన్ని మావయ్యా అని పిలిచింది. పెళ్ళయ్యాక అన్నయ్యా అంది. ఆయన నలభై దగ్గరే ఆగిపోయాడు, ఈమెకి యాభై రెండు వచ్చాయి. ఇప్పుడిక ఏమని పిలవాలో తేలక, కొన్నాళ్ళుగా పిలుపు లేకుండానే పని చెబుతోంది.

ఆ మంగళవారం రెండో కోత కాటా. ఆరిన కాయని సంచుల్లో పోసి, మగవాళ్ళు లోపలికి దిగి కాళ్ళతో తొక్కి, టిక్కీలు కట్టి వరసగా పెట్టారు. బూదిపాడు కళ్ళంలో కొలతకి ఒక పద్ధతి ఉంది. మొదటి టిక్కీని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం అన్న దగ్గర్నుంచి చివరి టిక్కీ దిగేదాకా ఎవరూ నోరు విప్పరు. తూకం చెప్పే మనిషి గొంతు ఒక్కటే వినబడాలి. ఫోన్ మోగినా తియ్యరు. పసిపిల్లలు ఏడ్చినా అవతలికి ఎత్తుకెళ్తారు తప్ప ఊరుకోమని కూడా అనరు. కుంచాలతో కొలిచిన రోజుల్నుంచీ ఉన్న పద్ధతి అది.

సరిగ్గా ఆరో టిక్కీ కాటా మీద ఉండగా తెల్ల కారు వచ్చి ఆగింది. రామకాంత్ గారు దిగాడు. గుంటూరులో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పాతరాళ్ళంటే ప్రాణం, బతికున్న మహారాజుని మాత్రం ఎన్నడూ పలకరించలేదు. రిటైరయ్యాక విజయదండ స్మారక సంఘం పెట్టి, ఊరూరా తిరిగి చందాలు పోగుచేశాడు. చెప్పులు బయట విప్పి, మర్యాదగానే లోపలికి వచ్చి, టేపుతో కళ్ళం కొలిపించాడు. తర్వాత అందరికీ వినబడేలా విషయం చెప్పాడు. ఇక్కడ మహారాజు విగ్రహం వస్తుంది, యాభై అడుగులు. చుట్టూ పార్కు. బస్సులు ఆగుతాయి. ఊరి పేరు రాష్ట్రమంతా తెలుస్తుంది.

"ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అడిగాడు.

ఎవరూ పలకలేదు. వెంకటేశ్వరమ్మకి కాదనాలనే ఉంది, కాటా ఇంకా నడుస్తోంది. పద్ధతి నోటికి తాళం వేసింది. ఆయన న్యాయంగానే ఇంకోసారి అడిగాడు. మూడోసారి కూడా అడిగాడు. ఆ మూడోసారికి దండయ్య భుజం మీది టిక్కీ జారి నేల మీద పడింది. ఆయన చేతిలోంచి బస్తా జారడం ఆ ఊళ్ళో ఎవరూ ఎన్నడూ చూడలేదు. రామకాంత్ గారు సంతోషించి, పుస్తకంలో 'అభ్యంతరాలు లేవు' అని రాసుకుని, అందరికీ నమస్కారం పెట్టి కారెక్కాడు. చివరి టిక్కీ దిగేసరికి రోడ్డు మీద దుమ్ము కూడా అణిగిపోయింది.

సాయంత్రం వెంకటేశ్వరమ్మ సర్పంచి రామాంజనేయులు ఇంటికి వెళ్ళింది. అరుగు మీదే నిలబడి, మూడో కోత కాయ ఇంకా చెట్టు మీదే ఉందని, కళ్ళం పోతే రోడ్డు మీద పోసుకోవాల్సిందేనని, లారీ టైర్ల కింద నలిగిన కాయ ఏ యార్డులోనూ ఎవడూ కొనడని చెప్పింది. అసలు సంగతి చివర్న చెప్పింది. ఆరబెట్టుకునే చోటు లేనివాళ్ళకి వచ్చే ఏడు చేను ఇవ్వనని కౌలుదొర అప్పుడే కబురు చేశాడు.

రామాంజనేయులు చెడ్డవాడు కాదు, బస్సు పిచ్చివాడు. బూదిపాడులో ఆర్టీసీ బస్సు ఆపించాలని పదేళ్ళుగా తిరుగుతున్నాడు.

"అడిగితే ఎవరూ మాట్లాడలేదంటగా అమ్మాయ్. కాగితం మీద అభ్యంతరం లేదని ఉంది" అన్నాడు.

"కాటా నడుస్తుంటే ఎలా మాట్లాడతాం అన్నయ్యా? నీకు తెలీదా?"

"నాకు తెలుసు. కాగితానికి తెలీదుగా."

కాసేపు తల గోక్కుని, శుక్రవారం గ్రామసభ ఉందని, తీర్మానం అక్కడ ఖాయమవ్వాలని చెప్పాడు. ఒక దారి మాత్రం ఉందన్నాడు. మహాపురుషుల విగ్రహాలే పెడతామని సంఘం నియమాల్లో ఉంది. విజయదండుడు అంత గొప్పవాడేం కాదని సభలో తేలితే రామకాంత్ గారే వెనక్కి తగ్గుతాడు, మాట మీద నిలబడే మనిషి.

రెండువేల ఏళ్ళనాటి మనిషి గొప్పవాడో కాదో మూడు రోజుల్లో ఎలా తేల్చాలో వెంకటేశ్వరమ్మకి తెలియలేదు. మర్నాడు పొద్దున్నే హైస్కూలుకి వెళ్ళి సోషల్ చెప్పే రాజరాజేశ్వరిని పట్టుకుంది. ఆవిడ స్టాఫ్‌రూమ్‌లో ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దుతోంది. ఆయన మీద పుస్తకంలో ఒకే ఒక్క వాక్యం ఉందని, మహావీరుడని రాస్తే రెండు మార్కులని చెప్పింది.

"నిజమేనా టీచరుగారూ?"

"శాసనంలో ఉన్నది నిజమైతే నిజం."

"శాసనం ఎవరు రాయించారు?"

"ఆయనే."

"అయితే బాగానే ఉంటుంది. నా కాయ ఎలా ఉందంటే నేను మాత్రం తాలుందని చెబుతానా?"

రాజరాజేశ్వరికి నవ్వొచ్చింది. ఎర్ర పెన్ను మూత పెట్టి, ఇరవై ఏళ్ళుగా ఈ పాఠం చెబుతున్నా ఆయన్ని ఒక్కసారీ అడగలేదని ఒప్పుకుంది. రోజూ కళ్ళం పక్కనుంచే స్కూటీ మీద వస్తుంది. మంచినీళ్ళు కావాలంటే ఆయనే చెంబుతో తెచ్చిస్తాడు. అయినా అడగాలని తోచలేదు.

"అడగాల్సిన మనిషి మీ కళ్ళంలోనే ఉన్నాడు కదా" అంది.

వెంకటేశ్వరమ్మ వాయిదాలు వేసే మనిషి కాదు. ఆ మధ్యాహ్నమే తాటాకు పందిరి కింద దండయ్యకి అన్నం పెట్టి, పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగే గొంతుతోనే అడిగింది.

"నువ్వు గొప్పవాడివేనా?"

"అప్పట్లో అనుకున్నాను."

"మరి మా ఊరెందుకు తగలబెట్టావు?"

దండయ్య ముద్ద కిందపెట్టాడు. ఏనుగు దిగి ఈ కళ్ళంలోకే వచ్చాడట. నలభైమంది దాకా ఉన్నారు. మీ రాజెవరు, నాకు తలవంచుతారా అని మూడుసార్లు అడిగాడు. ఒక్కరూ తల తిప్పలేదు. ఒకావిడ కుంచంతో జొన్నలు కొలుస్తోంది. ఆవిడా చూడలేదు.

"ఎంత పొగరు అనుకున్నాను" అన్నాడు.

వెంకటేశ్వరమ్మ గరిట పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగింది. "కొలత మధ్యలో ఎవరు మాట్లాడతారు?"

"ఆ సంగతి నాకు ఇక్కడ చిక్కుకున్న నాలుగో ఏట తెలిసింది. ఇళ్ళు లేచాయి. పంట ఇంటికొచ్చింది. కొలుస్తుంటే మంచినీళ్ళు కావాలా అని అడిగాను. ఎవరూ పలకలేదు. అప్పుడు తెలిసింది."

కాకి ఒకటి వచ్చి పందిరి గుంజ మీద వాలింది. ఆమె దాన్ని అదిలించలేదు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగింది. ఎవరూ అడగలేదన్నాడు. నేను గొప్పవాణ్ణా కాదా అని మీలో మీరే వాదించుకున్నారు, నన్ను మాత్రం బస్తాలే ఎత్తమన్నారు అన్నాడు. అందులో నిష్ఠూరమేమీ లేదు.

"ఎల్లుండి సభలో అడుగుతారు. చెప్పు."

"సభల్లో మాటలు నాకు రావు. నా తరపున మాట్లాడటానికి కవులుండేవాళ్ళు."

"మరేం వచ్చు నీకు?"

ఆయన చేతులు చూసుకున్నాడు. గోళ్ళ కింద మిరప ఎరుపు ఏనాడూ వదిలేది కాదు. "తాలు ఏరడం వచ్చు."

"అదీ అంతంతమాత్రమే" అంది ఆమె. అన్నం ఇంకాస్త వడ్డించి లేచింది. ఆ సాయంత్రం మళ్ళీ రాజరాజేశ్వరి ఇంటికి వెళ్ళి, శాసనంలో ఉన్న బిరుదులన్నీ తెలుగులోకి రాసిపెట్టమని చెప్పింది.

శుక్రవారం నాలుగింటికి కళ్ళంలోనే సభ. పరదాలు పరిచి జనం కూర్చున్నారు. రామకాంత్ గారు బాగా మాట్లాడాడు. ఆయన నిజంగా నమ్మిందే చెప్పాడు. ఈ మెట్టనేల మీద రాజ్యమంటూ నిలబెట్టింది విజయదండుడేనని, తలవంచినవారిని కాపాడాడని, ఊరికి బావి ఇచ్చాడని, గతాన్ని తలుచుకోని ఊరు ఎదగదని అన్నాడు. రామాంజనేయులు బస్సు ప్రస్తావన తెచ్చాడు. సగంమంది తలలూపారు. గట్టుమీద కూర్చున్న టీ కొట్టు హుస్సేన్ సాహెబ్, బస్సు ఆగితే తనకీ నాలుగు టీలు ఎక్కువ పోతాయి గానీ, ఆరబెట్టే చోటు లేక రైతులే లేచిపోతే తాగేదెవరని అడిగాడు. దానిమీద గోల మొదలైంది. ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినబడకుండా పోయింది.

వెంకటేశ్వరమ్మ లేచి, దండయ్య ముందు ఒక గోనెపట్టా పరిచింది. గంపెడు మిరపకాయ దాని మీద కుమ్మరించింది. రాజరాజేశ్వరిని కాగితం తీసుకుని పక్కన నిలబడమంది. తర్వాత కాటా దగ్గర నిలబడేవాళ్ళు అనే తీరులోనే గట్టిగా అంది.

"లాభం."

గోల టక్కున తెగిపోయింది. బూదిపాడులో పుట్టినవాళ్ళందరి నోళ్ళూ వాటంతటవే మూతపడ్డాయి. ఏమిటిది అని రామకాంత్ గారు అడిగాడు. సభ జరుగుతోందా లేదా అని అడిగాడు. నాకెవరైనా చెబుతారా అని అడిగాడు. అందరూ తల వంచుకునే ఉన్నారు. మూడోసారి అడిగాక ఆయన మొహంలో ఏదో మారింది. మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

తూకం చెప్పే గొంతుతో రాజరాజేశ్వరి మొదటి బిరుదు చదివింది. "నలభై కోటలు కూల్చినవాడు."

దండయ్య ఒక కాయ తీసి, వెలుగుకి పట్టి చూసి, ఎడమపక్కన వేశాడు. ఎడమపక్క తాలు.

"శత్రురాజుల భార్యల కాటుకను కన్నీళ్ళతో కడిగినవాడు."

ఎడమపక్క.

"మూడు నదులను ఒక్క వేసవిలో దాటినవాడు."

ఆ కాయని కుడిపక్కన పెట్టాడు. అది మాత్రం దాటే ఉంటాడని వెంకటేశ్వరమ్మ అనుకుంది. పిల్లలెవరో నవ్వబోయి నోరు నొక్కుకున్నారు.

"తలవంచినవారిని క్షమించినవాడు" ఎడమపక్కకి వెళ్ళింది. "ఈ ఊరికి బావి ఇచ్చినవాడు" దగ్గర కాయని చాలాసేపు పట్టుకున్నాడు. పైకి నిగనిగలాడుతోంది. మధ్యకి విరిచాడు. లోపల గింజ నల్లబడి ఉంది. ఎడమపక్కన వేశాడు. "ఎదురుచెప్పిన ఊరిని బూడిద చేసినవాడు" అన్నప్పుడు లేచాడు. ఆ ఒక్క కాయనే తీసుకెళ్ళి కుప్పకి దూరంగా, పట్టాకి అవతల పెట్టాడు.

ఇక ఒకటే మిగిలింది.

"భూమండలమంతటినీ తన గొడుగు నీడలో నిలిపినవాడు."

దండయ్య కాయని చేతిలో పట్టుకుని, తన పక్కన నేలకేసి చూశాడు. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతోంది. అందరి నీడలూ తూర్పుకి సాగి ఉన్నాయి. ఆయన పక్కన వట్టి మట్టి. ఆ కాయని ఎడమపక్కన, అన్నిటికన్నా మెల్లగా పెట్టాడు.

రామాంజనేయులు గొంతు సవరించుకుని, అయిపోయిందా అన్నాడు. అయిపోయిందని వెంకటేశ్వరమ్మ చెప్పాక జనం ఊపిరి పీల్చుకున్నారు.

రామకాంత్ గారు లేచాడు. వాదన మాత్రం వదల్లేదు. "తన బిరుదులు తానే వద్దన్నాడు చూశారా? ఎంతమంది రాజులు చేయగలరు ఆ పని? గొప్పతనం అంటే ఇదే కదా."

ఇదీ నిజమేనన్నట్టు కొందరు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ మాట నిలబడితే కళ్ళం పోయినట్టే. వెంకటేశ్వరమ్మ దండయ్య వైపు చూసింది. ఆయనే లేచి నిలబడ్డాడు.

"నలభై కోటల్లో ఒక్కదాని పేరు కూడా నాకు గుర్తులేదు మేష్టారూ. ఆరోజు ఇక్కడ కొలుస్తున్నావిడ కుంచం అంచు పగిలితే జనపతాడుతో కట్టుకుంది. అది గుర్తుంది. నేను మూడుసార్లు అడిగాను, ఆవిడ పలకలేదు. కొలత మధ్యలో ఉందని నాకు తెలీదు. అడిగి తెలుసుకునే ఓపిక లేదు." పట్టా అవతల పెట్టిన కాయని చూశాడు. "మొన్న మంగళవారం మీరూ మూడుసార్లు అడిగారు."

రామకాంత్ గారు సంచిలోంచి పుస్తకం తీసి, మంగళవారం పేజీ తిప్పి, తను రాసుకున్న రెండు మాటల్నీ చాలాసేపు చూశాడు. తర్వాత పెన్ను తీసి వాటిని తనే కొట్టేశాడు. మరి నేనిప్పుడు ఈయన గురించి ఏం రాయాలి అని అడిగాడు, ఎవరినని కాకుండా. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పినవాడి గొంతు కాదది, మొదటి వరసలో కూర్చున్న విద్యార్థిది.

"కాటా వేసేటప్పుడు ఎవర్నీ ఏమీ అడగొద్దని రాయండి" అన్నాడు దండయ్య.

కళ్ళం కళ్ళంగానే ఉండాలని తీర్మానం రాసుకున్నారు. బస్సు పోయిందని రామాంజనేయులు గొణుగుతుంటే, బస్సుకి రాజెందుకు, అర్జీ రాయి, మొదటి సంతకం నేనే పెడతానని వెంకటేశ్వరమ్మ అంది. కౌలుదొరకి అక్కణ్ణుంచే ఫోన్ చేసి, కళ్ళం ఎక్కడికీ పోలేదని, చేను ఇంకెవరికీ మాట ఇవ్వొద్దని చెప్పింది. సరేనన్నాడు.

వారం తర్వాత మూడో కోత కాయ కళ్ళానికి వచ్చింది. ఎనిమిదింటికి దండయ్య కాయని తిరగేయడానికి దిగాడు. పరదాలు మడత పెడుతున్న వెంకటేశ్వరమ్మకి ఎర్రటి కాయ మీద పొడుగ్గా ఓ నల్లటి మరక కనబడింది. మబ్బేమోనని తలెత్తి చూసింది. ఆకాశంలో దూదిపింజె కూడా లేదు. మళ్ళీ కిందకి చూసి, ఆ మరక ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ వెళితే దండయ్య పాదాల దగ్గర తేలింది.

ఆయన కూడా దాన్నే చూస్తూ నిలబడ్డాడు. నుదుటి మీద చెమట పట్టింది. చెవి పక్కన రెండు తెల్ల వెంట్రుకలు మెరుస్తున్నాయి. నిన్నటిదాకా అవి లేవు. వెంకటేశ్వరమ్మ ఒక్కసారి రోడ్డు వైపు, పొలిమేర రాయి వైపు చూసింది. ఆయనా అటే చూస్తున్నాడు. ఇప్పుడు కాలు పడుతుందని ఇద్దరికీ తెలిసింది.

"పక్కకి జరుగు తమ్ముడూ. నీ నీడ కాయ మీద పడుతోంది" అంది.

దండయ్య జరిగాడు. నీడా జరిగింది. రెండడుగులు వేసి, వెంట వస్తోందో లేదోనని వెనక్కి తిరిగి చూసుకున్నాడు. వస్తోంది.

ఆమె భుజం మీది తువాలు తీసి ఆయన చేతిలో పెట్టి, తలకి చుట్టుకోమంది. ఇకనుంచి ఎండ తగులుతుంది. తిరగేసే పని ఇకమీదట నీడ పక్కకి పడేలా తనే చూసుకుంటానంది. శనివారం కాటా ఉంది, ఉంటావా అని అడిగింది.

"ఉంటాను. ఆ తర్వాత ఒకసారి కృష్ణ దాకా వెళ్ళొస్తాను."

"వెళ్ళిరా. నాలుగో కోత నెలాఖరుకి."

ఆయన తువాలు చుట్టుకున్నాడు. ముడి వేయడం రాక రెండుసార్లు ఊడిపోయింది. తర్వాత కుప్ప దగ్గరికి వెళ్ళి, ఎక్కడ కూర్చుంటే కాయ మీద పడదో నాలుగు వైపులా చూసుకుని, శాసనం రాయికి వీపు పెట్టి కూర్చున్నాడు. నీడ వెళ్ళి ఆ రాయి మీది అక్షరాల మీద పడింది. దండయ్య మొదటి కాయ తీసి వెలుగుకి పట్టాడు.